తువ్వాలు కింద చైనా భాష

మా అన్నయ్య వాళ్ళింట్లో ఏ వస్తువునీ పారేయరు, మాటలు మాత్రం పారేసుకుంటారు. నందిగామలో హైవేకి కాస్త లోపలగా కట్టుకున్న ఇల్లు. రంగులు వేయిస్తున్నాం, సామాను సర్దడానికి ఒకసారి వచ్చి వెళ్ళమని వదిన ఫోన్ చేస్తే మొన్న ఆదివారం వెళ్ళాను. పెయింటరు బీరువా మీద నుంచి ఒక అట్టపెట్టె దించి నా ముందు పెట్టాడు. అందులో చిక్కుపడిన వైర్లు, దేనికీ పనికిరాని చార్జర్లు, వాటి అడుగున ఒక నల్లటి హెడ్‌ఫోన్, నోటి దగ్గరికి వంగిన చిన్న మైకుతో. చెవుల మీది స్పాంజి ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఇన్నేళ్ళ తరవాత మిరపకాయల ఘాటు ఎక్కడినుంచి వస్తుంది, ఉత్త ప్లాస్టిక్ వాసన. అయినా తుమ్ము వచ్చింది. "ఏందత్తా అది?" అంది మా అన్నయ్య కూతురు మేఘన. "నేను చైనా భాష నేర్చుకున్నది దీంతోనే" అన్నాను. అది పకపకా నవ్వి వెళ్ళిపోయింది. నేను దాన్ని చేతిలో పట్టుకుని కిటికీ పక్కన కూర్చుండిపోయాను.

అప్పుడు మేము జగ్గయ్యపేటలో ఉండేవాళ్ళం. మా నాన్నది మిరపకాయల వ్యాపారం. చుట్టుపక్కల ఊళ్ళన్నీ, అటు చందర్లపాడు దాకా తిరిగి రైతుల దగ్గర సరుకు కొని, పైనుంచి వచ్చే వ్యాపారులకి అమ్మేవాడు. ఇంటి ముందు గదే కొట్టు. గోడ పొడుగునా కొనేవాళ్ళకి చూపించే మచ్చు కాయల సంచులు. వేసవి వచ్చేసరికి దిండు గలీబుల్లో ఘాటు, పెరుగు గిన్నె మీద మూతలో ఘాటు, ఉతికి ఆరేసిన బట్టల్లో ఘాటు. మా ముక్కులు మొద్దుబారాయి గానీ, కొత్తవాళ్ళు గుమ్మం దాటగానే తుమ్మేవాళ్ళు. చుట్టాలొచ్చిన సంగతి వంటింట్లో ఉన్న అమ్మకి ఆ తుమ్ముల్ని బట్టే తెలిసేది. ముందు మజ్జిగ గ్లాసు తెచ్చి ఇచ్చి, తరవాతే క్షేమసమాచారాలు అడిగేది. మా నాయనమ్మ భుజాన ఎప్పుడూ ఒక తడిగుడ్డ ఉండేది. దాంతో ముఖం తుడుచుకుంటూ, "ఈ ఇంటికి కాపరానికొచ్చిన రోజు మొదలైన ఏడుపు, ఇంకా ఆగలేదమ్మా" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. అది ఘాటుకి కారే నీళ్ళ సంగతో, ఇంకేదైనా సంగతో మేమెవరమూ అడగలేదు.

నాన్న కాయని చూసే తీరు వేరు. ఒక కాయ తీసి చెవి దగ్గర విరిచేవాడు. ఆ చప్పుడు విని, తరవాత వాసన చూసి, ఏమీ అనకుండా పక్కన పెట్టేవాడు. ధర నోటితో అనడం ఆయన దృష్టిలో నాసిరకం పని. బేరమంతా తువ్వాలు కిందే. అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా కూర్చుని చేతులు కలిపితే పైన తువ్వాలు కప్పేవారు. లోపల వేళ్ళు పట్టుకుని, నొక్కుకుని ధర చెప్పుకునేవారు. చుట్టూ పదిమంది నిలబడి చూస్తున్నా ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. "నోటితో బేరమాడేవాడు వ్యాపారం ఏం చేస్తాడ్రా" అనేవాడు అన్నయ్యతో. అన్నయ్యకి ఆ వేళ్ళ లెక్క చిన్నప్పుడే నేర్పాడు. నాకు నేర్పలేదు. ఆడపిల్ల చెయ్యి ఆ తువ్వాలు కిందికి ఎలాగూ వెళ్ళదు కాబట్టి నేర్పే అవసరం ఆయనకి కనిపించలేదు.

కంప్యూటర్ కూడా అన్నయ్య కోసమే వచ్చింది. బస్టాండు దగ్గర కంప్యూటర్ల షాపు పెట్టుకున్న మస్తాన్ అన్న దాన్ని తెచ్చి ముందు గదిలో, మచ్చు సంచులకి ఎదురుగా బిగించాడు. దసరాకి దానికి కుంకుమ బొట్లు పెట్టి నిమ్మకాయ కట్టారు. అమ్మ పాత పూల దుప్పటితో దానికో తొడుగు కుట్టింది. ఆ ఏడే గుంటూరు నుంచి ఒక మాట మా ఇంటికొచ్చింది. మన సన్నకాయని చైనావాళ్ళు కొంటున్నారట, మనుషులే నేరుగా వచ్చి చూసుకుంటున్నారట. నాన్న నోట ఆ మాట విని మస్తాన్ అన్న, హైదరాబాదు వెళ్ళినప్పుడు చైనా భాష నేర్పే సీడీల పెట్టె ఒకటి పట్టుకొచ్చాడు. "కూచోబెట్టండి బాబాయ్ గారూ, అదే నేర్పిద్ది. సారు అక్కర్లా" అన్నాడు. నాన్న అన్నయ్యని కూర్చోబెట్టాడు. అన్నయ్య కొన్నాళ్ళు తంటాలు పడి, ఆ కూతలు తన నోటికి రావని చెప్పి, కార్ల పందెం ఆట పెట్టుకున్నాడు.

నేనప్పటికి డిగ్రీ అయి ఇంట్లో ఉన్నాను. ఇంట్లో ఉండడం అంటే ఏమిటో అలా ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. ఎవరైనా వస్తే లోపలికి వెళ్ళాలి, వాళ్ళు వెళ్ళాక గ్లాసులు తియ్యాలి. నందిగామలో ఇంగ్లీషు మాట్లాడడం నేర్పుతున్నారు, వెళ్తానంటే రోజూ బస్సులోనా అన్నారు. పక్కింటి అమ్మాయి తోడు వస్తుందంటే అక్కడి సారు కుర్రాడన్నారు. "ఎవడి ముందో కూచుని నేర్చుకునే చదువు ఇంక చాల్లే" అని నాన్న తేల్చేశాడు. అందుకని ఒక మధ్యాహ్నం ఆయన అన్నం తిని చెయ్యి కడుక్కుంటుంటే అడిగాను. "అన్నయ్య వదిలేసిన సీడీలు నేను చూడనా నాన్నా? దాన్లో సారు లేడు కదా." ఆయన మూతి తుడుచుకుంటూ, "సరే, కరెంటున్నప్పుడు చూసుకో" అన్నాడు. ఆ ఇంట్లో నేను గెలిచిన వాదన అదొక్కటే. మనిషి లేని చదువు కాబట్టి గెలిచాను.

ఆ పెట్టె మీద ఇంగ్లీషులో ఒక మాట ఉండేది, నీకు వీలైన వేగంతో నేర్చుకో అని. అది చదివినప్పుడల్లా నవ్వొచ్చేది. ఆ ఇంట్లో నా వీలు అడిగినవాళ్ళెవరు? నాన్న వచ్చాకే అన్నం, నాన్న పడుకున్నాకే లైటు తియ్యడం, సంబంధం కుదిరినప్పుడు పెళ్ళి. సీడీ మాత్రం నా కోసం ఆగేది. తెర మీద ఒక బొమ్మ వచ్చేది, గ్లాసులో నీళ్ళో, సైకిలు తొక్కే పిల్లో. ఒక మగగొంతు ఆ మాట పలికేది. నేను మైకులో పలికితే నా గొంతు ఎక్కడ లేచిందో ఎక్కడ దిగిందో ఎర్రగీతగా కనిపించేది, పక్కనే ఆ మనిషి గొంతు నీలం గీత. రెండూ కలిస్తే మార్కులు, కలవకపోతే మళ్ళీ మొదటికి. ఎన్నిసార్లు తప్పినా ఆ గొంతు విసుక్కునేది కాదు. సరుకు లారీకెత్తే రోజుల్లో దుమ్ము లేచి దగ్గు ముంచుకొచ్చేది, నా దగ్గుకి కూడా అది ఎర్రగీత గీసి మార్కులు వేసేది. మీటల సందుల్లో ఇరుక్కున్న మిరపగింజల్ని పిన్నీసుతో తీసుకునేదాన్ని. పాఠం సగంలో కరెంటు పోతే చేసిందంతా పోయేది. కోపం వచ్చేది గానీ, కరెంటు రాగానే మళ్ళీ కూర్చునేదాన్ని. అంతకంటే నాకు వేరే పనేముంది?

అందులో పలికేది మగగొంతన్న సంగతి నాన్నకి ఆలస్యంగా తట్టింది. అప్పట్నుంచి నేను కంప్యూటర్ ముందు కూర్చుంటే నాయనమ్మ పక్కన ఉండాలని ఏర్పాటు చేశాడు. సీడీలో మనిషికి కాపలా అన్నమాట. నాయనమ్మ తడిగుడ్డ ఒళ్ళో వేసుకుని గోడకి చేరగిలబడేది. మొదట్లో నిద్రపోయేది, తరవాత్తరవాత హెడ్‌ఫోన్‌లోంచి బయటికి వినిపించే గొంతుని వినడం మొదలుపెట్టింది. నేను తప్పు పలికి ఆ గొంతు మళ్ళీ అడిగితే, "అంత మర్యాదగా అడుగుతున్నాడు, చెప్పవే పాపం. మీ తాత ఏనాడన్నా నన్నో మాట ఇట్టా రెండోసారి అడిగాడా" అనేది. కొన్నాళ్ళకి పాలమనిషిని కూడా "నీ హావ్" అని పలకరించి, అతను తెల్లబోతే సంబరపడింది. నేను నేర్చుకుంటున్నది ఒక భాష అని ఆ ఇంట్లో గుర్తించింది ఆవిడొక్కతే. మిగతావాళ్ళ లెక్కలో నేను కంప్యూటర్ చూస్తున్నాను, అంతే.

మొదట పొద్దుపోవడానికే కూర్చున్నాను, అది ఎప్పుడు మారిందో చెప్పలేను. కూర తరుగుతూ కూరల పేర్లు, బట్టలు ఆరేస్తూ రంగుల పేర్లు ఆ భాషలో అనుకునేదాన్ని. పెట్టెలో సీడీలన్నీ అయిపోతే మళ్ళీ మొదటిది వేశాను. అప్పుడొక ఆకలి పట్టుకుంది. ఆ గొంతు ఎప్పుడూ ముందే అనుకున్నవే అడిగేది. నేనేం చెప్పానన్నది దానికి అక్కర్లేదు, గీతలు కలిస్తే చాలు. నేనన్న మాటకి ఎదుటి మనిషి ముఖం మారడం చూడాలని ఉండేది. ఆ భాషతో ఉద్యోగం చెయ్యాలని, నా పేరున జీతం రావాలని, నేను తాళం వేసుకునే గది ఒకటి ఉండాలని ఉండేది. ఇప్పుడు ఇంత సులువుగా రాసేస్తున్నాను గానీ, ఆ ముందు గదిలో ఆ మాట పైకి అనడానికి నాకు నోరు లేదు. వ్యాపారస్తుడి ఇంట్లోంచి ఆడపిల్ల జీతానికి వెళ్ళడమంటే ఆ వ్యాపారం దివాలా తీసినట్టేనని బజారు లెక్క.

చైనావాళ్ళు ఒక పొద్దున నిజంగానే వచ్చారు. గుంటూరు ఏజెంటు కారులో తీసుకొచ్చాడు. ముందే కబురందడంతో నాన్న తెల్లచొక్కా తొడుక్కుని, భుజాన కొత్త తువ్వాలు వేసుకుని అరుగు మీద నిలబడ్డాడు. బజార్లోని మిగతా వ్యాపారులు ఏదో పనున్నట్టు ఒక్కొక్కరే వచ్చి చేరారు. కారులోంచి ఏజెంటు దిగాడు, వెనకే ముక్కుకి రుమాలు కట్టుకున్న ఒకావిడ దిగింది. నాకంటే కొద్దిగా పెద్దదేమో. నాన్న ఆవిణ్ణి దాటి కారులోకి తొంగి చూశాడు. ఇంకెవరూ దిగలేదు. ఆవిడ ఎవరో షావుకారు భార్యో కూతురో అయ్యుంటుందనుకుని, ఏజెంటుని ఎదురుగా కూర్చోబెట్టుకుని, చెయ్యి పట్టుకుని పైన తువ్వాలు కప్పాడు. ఏజెంటు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "నాతో కాదండి. కొనేది లిన్ మేడమేనండి" అన్నాడు.

తువ్వాలు నాన్న చేతిలో అలాగే ఉండిపోయింది. పరాయి ఆడమనిషి చెయ్యి పట్టుకుని పైన గుడ్డ కప్పడం పదిమందిలో ఎలా కుదురుతుంది? నోటితో ధర చెబుదామంటే అరుగు నిండా చెవులే. లిన్ మేడం ఇవేమీ పట్టనట్టు సంచిలోంచి ఒక కాయ తీసి, చెవి దగ్గర విరిచి, చప్పుడు విని, రుమాలు కిందికి లాగి వాసన చూసింది. అచ్చం నాన్న చూసినట్టే. అరుగు మీద ఎవరో నవ్వాపుకోవడానికి దగ్గారు. ఏజెంటుకి వచ్చిన రెండు ముక్కల ఇంగ్లీషుతో బేరం తెగేలా లేదు. నాన్న లోపలికి తిరిగి, "అమ్మాయ్, ఇట్టా రా" అన్నాడు.

తడిచేతులు పమిటకి తుడుచుకుంటూ వెళ్ళాను. ఆవిడ మాట్లాడితే సగం కూడా అర్థం కాలేదు. సీడీలో గొంతులా కాదు, మాటలు మింగేస్తూ గబగబా మాట్లాడింది. కొంచెం నెమ్మదిగా చెప్పండి అన్నాను. ఆ మాట సీడీతో ఎప్పుడూ అవసరం పడలేదు, అయినా వచ్చింది. ఆవిడ ముఖం మారిపోయింది, కళ్ళు పెద్దవి చేసి నవ్వింది. టీవీలో వార్తలు చదివేవాళ్ళలా మాట్లాడుతున్నావు అంది. ఆ తరవాత నాన్న నా చెవిలో తెలుగులో ధర చెప్పడం, నేను పైకి చైనా భాషలో చెప్పడం, ఆవిడ దానికి తలూపో తలతిప్పో ఇంకో ధర చెప్పడం. అరుగు మీదివాళ్ళు మెడలు సాచినా లాభం లేకపోయింది. ఆ పూట తువ్వాలు నేనే. నా కింద వాళ్ళిద్దరి చేతులూ కలిశాయి. బేరం తెగాక నాన్న నా వైపు చూసిన చూపు, మంచి మచ్చు కాయని చూసే చూపు. నేను దానికే పొంగిపోయాను.

ముందు గదిలో కాఫీలు తాగుతుండగా లిన్ మేడం ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది. పూల తొడుగు తీసి కంప్యూటర్ చూపించాను. ఆవిడ దాని మీది కుంకుమ బొట్లు చూసి, నన్ను చూసి, గుంటూరులో తమ ఆఫీసు ఉందని, అక్కడ పనిచేసేవాళ్ళలో ఆడవాళ్ళు కూడా ఉన్నారని, ఉండడానికి పైనే గది ఇస్తారని, వస్తావా అని అడిగింది. నన్ను అడిగింది, నాన్నని కాదు. "ఏమంటోంది?" అన్నాడు నాన్న. చెప్పాను. ఆయన అరుగు వైపు ఒకసారి చూసి, కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"అమ్మాయికి ఇష్టం లేదని చెప్పు" అన్నాడు.

"నాన్నా" అన్నాను.

"చెప్పు. ఎదురుగా కూచుని ఉంది, బాగుండదు."

"అడిగింది దాన్ని గదరా" అంది గోడ పక్క నుంచి నాయనమ్మ.

"నువ్వూరుకోవే అమ్మా" అన్నాడాయన. మా అమ్మ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ వైపు చూశాను. ఖాళీ గ్లాసులు ఏరుకుని లోపలికి వెళ్ళిపోయింది.

వో బూ యువాన్ యీ, అన్నాను. నాకు ఇష్టం లేదు. గొంతు లేవాల్సిన చోట లేచింది, దిగాల్సిన చోట దిగింది. సీడీ అయితే పూర్తి మార్కులు వేసేది. లిన్ మేడం నన్నే చూస్తూ, ఈ మాట నీదా, మీ నాన్నదా అని అడిగింది. "మళ్ళీ ఏమంటోంది?" అన్నాడు నాన్న. "సరేనంటోంది" అన్నాను తెలుగులో. ఆవిడ వైపు తిరిగి, నాదే అన్నాను చైనా భాషలో. రెండు భాషల్లో రెండు అబద్ధాలు, ఒక్క ఊపిరిలో. ఆ గదిలో నేనేం చెప్పినా నాన్నకి తెలిసేది కాదు కదా, వస్తానని చెప్పలేకపోయావా అని ఇది విన్న స్నేహితురాలొకతె అడిగింది. ఆ గదిలో పెరిగినదైతే అడిగి ఉండేది కాదు. వెళ్ళేటప్పుడు లిన్ మేడం నా చెయ్యి తీసుకుని గట్టిగా నొక్కింది. అలా ఎందుకు నొక్కిందో నాకు తెలీదు, నాకు వేళ్ళ లెక్క రాదు.

"కంప్యూటర్ నేర్పిందయ్యా, మా అమ్మాయిదేముంది" అన్నాడు నాన్న ఆ సాయంత్రం అరుగు మీద. వినయం కోసం అన్నాడనుకున్నాను మొదట. కాదు, నిజంగానే అలా నమ్మాడు. మళ్ళీ సరుకు వేళకి పరాయివాళ్ళ ముందు ఆడపిల్లని నిలబెట్టడం ఎందుకని, హెడ్‌ఫోన్ తీసి అన్నయ్య తలకి తగిలించాడు. ఎవరు కూర్చున్నా అదే నేర్పుతుందనుకున్నాడు. అన్నయ్యకి రాలేదు. అప్పటికి ఏజెంటే మాట్లాడే మనిషిని వెంట తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. నాకు సంబంధం కుదిరింది. మా ఆయనకి కంచికచర్లలో పురుగుమందుల షాపు. మంచి మనిషి. చైనా భాష వచ్చని చెబితే, "దాంతో మనకేం పని" అన్నాడు, కోపంగా కాదు, నిజంగానే తెలీక. ఒక ప్రైవేటు బడిలో పిల్లలకి లెక్కలు చెబుతున్నాను. భాష ఒక్కసారిగా పోలేదు. ముందు రంగులు పోయాయి, తరవాత కూరలు. మాట్లాడే మనిషి లేకపోతే ఏ భాషైనా అంతే. మనిషి లేడన్న షరతు మీద మొదలైన చదువు మనిషి లేకే పోయింది.

ఇప్పుడు మా బళ్ళో ఎనిమిదో తరగతి పిల్లలు ఫోన్లో కొరియా భాష నేర్చుకుంటారు, వాళ్ళకి ఎవరూ కాపలా కూర్చోరు. కోల్డ్ స్టోరేజీ దగ్గర హమాలీ కూడా ఫోను ముందు పెట్టి చైనావాళ్ళతో మాట్లాడేస్తాడు. కాలం మంచికే మారింది, కాదనను. కానీ నా బతుకు అయిపోవచ్చాక మారిన కాలాన్ని చూసి సంతోషించమంటే నా వల్ల కాదు. నాయనమ్మ ఉంటే ఇంకోలా అనేదేమో. ఆవిడ పోయి చాలా కాలమైంది.

అదే ఆదివారం మధ్యాహ్నం అందరం కింద కూర్చుని భోంచేస్తున్నాం. అన్నయ్య దగ్గరే ఉంటున్న నాన్న కుర్చీలో కూర్చుని పళ్ళెం ఒళ్ళో పెట్టుకున్నాడు, ఇప్పుడు కింద కూర్చోలేడు. మేఘన హెడ్‌ఫోన్ సంగతి ఎత్తి, "తాతయ్యా, అత్తకి నిజంగా చైనీస్ వచ్చా?" అంది. నాన్న ముఖం విచ్చుకుంది. "రాకేం. చైనా ఆవిడ మనింటికొచ్చి, మీ అత్తని చూసి, గుంటూరులో ఉద్యోగం ఇస్తా రమ్మంది. జీతం, గది, అన్నీ. ఈవిడే వద్దంది. మా అమ్మాయికి మమ్మల్ని వదిలి వెళ్ళడం ఇష్టం లేదు" అన్నాడు. ఎంత గర్వంగా అన్నాడో. అబద్ధమాడుతున్న ముఖం కాదది. ఆయనకి అలాగే జ్ఞాపకం ఉంది. అన్నయ్య తలొంచుకుని పప్పు కలుపుకుంటున్నాడు.

"అత్తా, ఆవిడకి ఏమని చెప్పావో అను, నా ఫోను తెలుగులో చెప్పిద్ది" అంటూ మేఘన ఫోను నా నోటి ముందు పెట్టింది. అన్నీ మరిచిపోయాను గానీ ఆ ఒక్కటీ మరవలేదు. అన్నాను. ఫోను ఒక్క క్షణం ఆగి, ఎవరో ఆడమనిషి గొంతుతో, శుభ్రమైన తెలుగులో, "నాకు ఇష్టం లేదు" అంది.

"చూశావా, నేను చెప్పలా" అన్నాడు నాన్న.

చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేశాను. "నాకు ఇష్టమే నాన్నా. వెళ్ళాలని చచ్చేంత ఇష్టం. ఇష్టం లేదని చెప్పమన్నది నువ్వు" అన్నాను. ఇన్నేళ్ళలో మొదటిసారి, తెలుగులో, ఆయన ముఖం చూసి.

ఆయన నా వైపు చూశాడు. కోపం లేదు, తప్పు చేశానన్న భయమూ లేదు. నా మీద జాలి ఉంది.

"అట్టయితే ఆ రోజే చెప్పొద్దా తల్లీ" అన్నాడు. "నీ నోరెవరన్నా మూశారా?"